గోనెతెర చాటు ఆవు

మా మేనమామ దుత్తలూరు మెట్టచేలు కౌలుకిచ్చి ఆత్మకూరు శివార్లలో ఇల్లు కట్టుకున్నాడు. పల్లె వదిలినా పెద్దరైతునన్న బిగువు వదల్లేదు. ఆ బిగువు నిలబెట్టుకోవడానికి ఒక జెర్సీ ఆవును కొన్నాడు. చాకిరంతా అత్తది, గొప్పంతా ఆయనది. ఆ ఆవంటే అత్తకు ప్రాణం.

ఆవు ఈని దండిగా పాలివ్వడం మొదలుపెట్టగానే మామకు లోకమంతా కుళ్ళుబోతుల మయంగా కనిపించింది. గోనెసంచులు కుట్టించి పాక చుట్టూ తెర కట్టాడు. పక్కింటివాళ్ళ కళ్ళు పొదుగు మీద పడకూడదట. దుత్తలూరులో పశువుల మందంతా ఊరి మధ్య నుంచే నడిచేది, ఎవరి కళ్ళూ దాన్ని ఏమీ చెయ్యలేదు. పైగా కోళ్ళొచ్చి పశువుల ఒంటిమీది పిడుదులను పొడుచుకు తినేవి. ఇక్కడ కోళ్ళూ లేవు, ఎండా తగలదు. గోనె కుట్లలో పిడుదులు హాయిగా కాపురం పెట్టాయి.

ఒకరోజు ఆవు మేత ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతోంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోసింది. అత్త హడలిపోయి, "డాక్టర్ని పిలవయ్యా" అంది.

"కొత్తోళ్ళ కళ్ళు పడగూడదు. నేనే పోయి అడిగొస్తా" అన్నాడు మామ. సెలవులకని వాళ్ళింటికి వచ్చి ఉన్న నేను, నా ఖర్మకాలి తోడు పోయాను.

పశువుల డాక్టరు కుర్రవాడు, ఓపికస్థుడు. "పిడుదులు కుట్టి నెత్తురులోకి పురుగు చేరినట్టుండాది. తొందరగా సూదేస్తే బతకతాది. పదండి, వస్తా" అన్నాడు.

"నువ్వు రావద్దబ్బయ్యా. మందు రాసియ్యి."

"చూడకుండా ఎట్ట రాసేది?"

మామ లేచి వచ్చేశాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దారిలో నేను బతిమాలితే, "నీ చదువు నీకాడే పెట్టుకోరా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే తాయెత్తు కోసం ఉదయగిరి బస్సెక్కాడు.

బస్సు కదిలిందో లేదో అత్త నన్ను డాక్టరు దగ్గరికి తరిమింది. అతను వచ్చి ఆవు చెవి దగ్గర నెత్తురు చుక్క తీసి గాజుపలక మీద పూసుకున్నాడు. సూది వేశాడు. పాలిపోయిన చిగుళ్ళు చూసి, "నిన్ననే పిలిచుంటే బాగుండు" అన్నాడు. మధ్యాహ్నానికి ఆవు చచ్చిపోయింది. అత్త దాని మెడ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం మామ తాయెత్తుతో దిగాడు. సంగతంతా విని, "చెప్పినానా? వాడి కళ్ళు పడినాయి గాబట్టే పోయింది" అన్నాడు. మొహంలో బాధ కన్నా నెగ్గానన్న తృప్తే ఎక్కువ కనిపించింది. ఇంత మూర్ఖుడికి మేనల్లుణ్ణయినందుకు నాకు సిగ్గేసింది. ఆయన ఆ తాయెత్తును దూడ మెడకు కట్టబోయాడు. దూడ చెవుల వెనక కూడా గింజల్లా పిడుదులు పట్టి ఉన్నాయి.

అత్త లేచి వచ్చి ఆయన చేతిలోంచి దూడ పలుపు లాక్కుంది.

"అడ్డం లెయ్" అంది.

మొగుడితో ఆమె అట్లా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మామ నిజంగానే పక్కకు జరిగాడు. అత్త దూడను తోలుకుని, వీధిలో జనమంతా చూస్తుండగా, డాక్టరింటి వైపు నడిచింది.