లోకనాథం బండికి మెత్తటి షాకబ్జర్లు

కవిటి చుట్టుపక్కల కొబ్బరికాయలు తోలే పికప్ డ్రైవర్లలో లోకనాథాన్ని మించిన మొనగాడు లేడు. ఈ మాట చెప్పింది లోకనాథమే. ఒకసారి బండి మీద కాయల గుట్టకి మేఘం తగులుకుంటే, తనే పైకెక్కి కర్రతో తోసేశాడట. నమ్మనివాళ్ళకి ఆ కర్ర కూడా చూపిస్తాడు.

అంతటివాడు ఆ మంగళవారం మధ్యాహ్నం పలాసలో మెకానిక్ చిన్నారావు షెడ్డు ముందు బండాపి, దిగి తలుపు ధడేల్మని వేశాడు. పక్క సీట్లో అక్క దేముడమ్మ దిండుకి ఆనుకుని ఉంది. వారానికి రెండుసార్లు ఆమెను ఈ బండిలోనే డయాలసిస్‌కి తెచ్చి తీసుకెళ్తాడు. తిరుగుదారిలో ప్రతి గుంతా వచ్చి సూదులు గుచ్చిన చేతిలోనే పడేది. అందుకే క్రితం వారం పాత షాకబ్జర్లు పీకించి కొత్తవి వేయించాడు. ఈరోజు ఆసుపత్రి నుంచి బయల్దేరి కాశీబుగ్గ దాటకముందే ఆమె, "ఒరే, బండాపు. నాను నడిసొచ్చేత్తాను" అంది.

లోకనాథానికి తల కొట్టేసినట్టయింది.

"ఏటి బిగించినావు బావా? పాతవే నయం. ఖాళీ బండి కప్పలా గెంతుతున్నాది."

చిన్నారావు చేతులు తుడుచుకుంటూ నింపాదిగా అన్నాడు. "బరువు బళ్ళకేసే గట్టివి బిగించినాను. ఉద్దానం కాయల బండికి అవే కదా మంచివి."

"మెత్తటివి అడిగినాను కదా. కొబ్బరికాయకి నొప్పేటి? నొప్పి మా అక్కకి."

"టీ కొట్టు కాడ నలుగురిలో నువ్వే సెప్పినావు, మూడు టన్నులు పడితే గానీ నీ బండి నిద్ర లెగదని. మూడు టన్నులోడికి మెత్తటివెలా ఏత్తాను?"

లోకనాథానికి ఇంకా మండింది. మాట చెప్పడం తన పని, అందులో ముప్పాతిక తీసెయ్యడం వినేవాడి పని. ఆ మాత్రం తెలియనివాడు షెడ్డెందుకు పెట్టాలి? అసలు ఊళ్ళో బళ్ళ సామాన్ల షాపులన్నీ అంతే. ఏది ఎంత బరువు మోస్తుందో చెబుతారు. లోపల కూర్చున్న మనిషికి ఎలా ఉంటుందో ఒక్కడూ చెప్పడు.

చిన్నారావు వంగి, వెనక చక్రాల మీద బండి బరువు మోసే ఇనప కమాను చూపించాడు. "మెత్తటివే ఏత్తాను. అయినా సాలదు. బండితో వచ్చిన కమాను పట్టీల మీద నువ్వింకో రెండెక్కించినావు. షాకబ్జరు ఊపుని ఆపుద్ది గానీ, ఒంగని కమానుని ఒంచలేదు. ఆ రెండూ తియ్యాలి."

ఆ రెండు పట్టీలే కాయల బళ్ళ స్టాండులో లోకనాథం పరువు. అక్కడ ఎవడూ ఎవడి మీసం చూడడు. బండి వెనక్కెళ్ళి, వంగి, పట్టీలు లెక్కపెడతారు. ఎక్కువున్నవాడినే షావుకారు ముందు పిలుస్తాడు.

"పట్టీల జోలికొచ్చినావంటే బాగుండదు," అన్నాడు లోకనాథం.

"వద్దులే చిన్నారావూ," అంది సీట్లోంచి దేముడమ్మ. "ఆడి పట్టీలు ఆడికుండనీ. నాను బస్సెక్కుతాను. బస్సోడికి ఇంత పరువుండదు, మెల్లగా తోలతాడు."

కోపం చిన్నారావు మీంచి లేచి, షాపుల మీద వాలి, చివరికి లోకనాథం నెత్తినే కూర్చుంది. చెట్టు మీంచి పడ్డా పగలని కాయలకి తన బండి, రక్తం కడిగించుకుని వచ్చే మనిషికి బస్సా?

"తీసెయ్యి," అన్నాడు.

"రెండూనా?"

"రెండూ. మెత్తటివెయ్యి. నవ్వినావంటే ఊరుకోను."

శుక్రవారం పొద్దున స్టాండులో కాయల షావుకారు అప్పలస్వామి బండి వెనక్కెళ్ళి వంగి చూశాడు. "ఏటి లోకనాథం, బండి బక్కసిక్కిపోనాది?"

"రేపట్నుంచి సగం లోడే ఎత్తుతాను. మిగతాది బలిసిన బండికి ఇయ్యి," అని విసురుగా బండి తీశాడు.

ఆ సాయంత్రం పలాస నుంచి వస్తుంటే దేముడమ్మ మందస రోడ్డు దగ్గర మొదలుపెట్టింది. బ్రేకు ఆలస్యంగా తొక్కావంది, హారనెక్కువంది, కళ్ళజోడు పెట్టించుకోమంది.

"రెండేళ్ళుగా తిరుగుదారిలో నోరిప్పలేదు కదక్కా. నా కబుర్లు ఇంటన్నావనుకున్నాను," అన్నాడు ఉక్రోషంగా.

"నొప్పికి పళ్ళు బిగబట్టుకునేదాన్నిరా. నోరెలా లెగుద్ది?"

లోకనాథం ముందున్న గుంత చూసి బండి నెమ్మది చేశాడు. సోంపేట దాకా మాట్లాడే వంతు ఆమెదే.