నాయన మొక్కు, నా జడ

మా నాయన దేవుడికి దండం పెట్టేవాడు కాదు, సెల్యూట్ కొట్టేవాడు. తిరుమల గర్భగుడి ముందు మనిషికి దొరికేదే రెప్పపాటు కాలం. అందులో జనం చేతులు జోడించాలా, కళ్లు మూసుకోవాలా, కోరికల చిట్టా విప్పాలా అని తికమకపడుతుంటే, నాయన మడమలు కలిపి, ఛాతీ విరిచి, కుడిచెయ్యి నుదుటిదాకా లేపి నిలబడేవాడు. "జరగండి, జరగండి" అని తోసే మనిషి కూడా తన పై అధికారి ఎవరైనా వచ్చాడేమోనని ఒకసారి వెనక్కి చూసుకునేవాడు. వెనక ఉన్న మేం తలలు దించుకునేవాళ్లం. భక్తితో అనుకునేరు, సిగ్గుతో.

సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాక నాయన తిరుపతిలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని కూర్చునే ఉద్యోగంలో చేరాడు. నుదుట నామం, మూతి మీద మెలితిప్పిన మీసం, ఒళ్లో తుపాకీ. ఆ బ్యాంకుకు దొంగలు రాకపోవడానికి ఆ మూడింటిలో ఏది కారణమో మేనేజరుకు కూడా తెలియదు.

ఇక మొక్కు సంగతి. డెబ్బైల మొదట్లో యుద్ధం వచ్చినప్పుడు నాయన సరిహద్దులో ఏదో కందకంలో ఉన్నాడు. తల మీదుగా తూటాలు పోతుంటే, ప్రాణాలతో ఇల్లు చేరిస్తే తలనీలాలిస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఆయన మొక్కింది తన తల కాదు, నా తల. కందకంలో ఉన్నది ఆయన, తూటాలు తప్పించుకున్నది ఆయన, బోడి కావలసింది మాత్రం చంద్రగిరిలో అమ్మమ్మ ఇంట్లో ఉండి పలక పట్టుకుని బడికి పోతున్న నేను. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. నీ తలే ఎందుకు మొక్కలేదని పెద్దయ్యాక అడిగితే, నాయన ఏమాత్రం తడుముకోలేదు.

"నా తల మిగుల్తాదో లేదో నాకే తెల్దు కదా పాపా. లేనిదాన్ని ఎట్ల మొక్కేది?"

స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు. నాయన ఒంటిమీద గీత పడకుండా సెలవు మీద వచ్చి, వచ్చిన వారానికే నన్ను కొండకు తీసుకుపోయాడు. కళ్యాణకట్టలో తడి తలతో కూర్చున్న నేను కత్తి చూసి, రెండు చేతులా జుట్టు పట్టుకుని, వద్దు నాయనా అని గుక్కపట్టాను. శత్రువుకు వెన్ను చూపని మనిషి తన కూతురి ఏడుపుకు చూపించాడు. "ఈ తూరికి నాది తియ్యప్పా" అని మంగలి ముందు తనే కూర్చున్నాడు. తర్వాత స్వామి ముందు సెల్యూట్ కొట్టి గడువు అడిగాడట.

ఆ గడువు ఏళ్ల తరబడి సాగింది. ఏటా అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా మెట్లెక్కడం, తన తల ఇచ్చుకోవడం, ఇంకొన్నాళ్లు ఆగు సామీ అని చెప్పి దిగిరావడం. ఈలోగా నా జడ నడుము దాటింది. దానికి కాపలా ఉద్యోగం కూడా నాయనదే. కుంకుడుకాయలు తనే ఏరి తెచ్చేవాడు. చివర్లు చిట్లాయి, కొంచెం కత్తిరించుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. "అది నీది కాదు పాపా, సామిది" అనేవాడు. నా నెత్తిమీద మోస్తున్నది నాది కాదని తెలిశాక, తలదువ్వుకోవడం కూడా దేవస్థానం కొలువులా అనిపించేది.

అమ్మకు ఓపిక పోయింది. "ఏరు దాటినాక బోడి మల్లన్న అన్నెట్లుండాది నీ యవ్వారం. ఆడబిడ్డలకు మూడు కత్తెర్లు ఇచ్చినా సామి ఒప్పుకుంటాడు. మూడు చోట్ల కత్తిరిచ్చేసి రాండి" అంది.

"పటాలంలో తుపాకీ అప్పజెప్పమంటే మూడు తూటాలిచ్చి చేతులు దులుపుకుంటారా?" అన్నాడు నాయన. "నేను పూర్తిగా ఇస్తానన్నా. పూర్తిగానే ఇయ్యాల."

అయితే ఇచ్చెయ్యమంటే మాత్రం బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ కూర్చునేవాడు.

కొన్నేళ్లకు స్వామి విసిగిపోయాడో ఏమో, నాయనకు బట్టతల వచ్చింది. కళ్యాణకట్టలో మంగలి అటూ ఇటూ తిప్పి చూసి, "ఈడ తీసేకి ఏముండాదప్పా?" అన్నాడట. నాయన మీసం ఇచ్చి వచ్చాడు. అమ్మ గుమ్మంలోనే ఏడ్చింది. బ్యాంకులో మేనేజరు తుపాకీ చేతికిచ్చే ముందు పరకాయించి చూశాడట.

ఆ మీసం మళ్లీ మొలిచే రోజుల్లోనే పలమనేరు నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. పాడి ఆవులున్న ఇల్లు, నెమ్మదైన పిల్లవాడు. పిల్లవాడి తల్లి నా జడ పట్టుకుని, సవరమేమోనని ఒకసారి గట్టిగా లాగి, తృప్తిపడింది. అంతా కుదిరిపోయిందని అమ్మ రెండో విడత కేసరి పెట్టబోతుండగా నాయన లేచి నిలబడ్డాడు.

"ఒక మాట. పిల్ల మీకు. జడ మాత్రం సామిది. తెలిసి చేసుకోండి."

మొక్కు కథంతా విని ఆ తల్లి, "పెండ్లికి ముందా, ఎనకా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

"ఎప్పుడనేది నాకూ తెల్దమ్మా" అన్నాడు నాయన.

వాళ్లు బోండాలు పూర్తిచేసి, ఉత్తరం రాస్తామని వెళ్లారు. ఆ ఉత్తరం నేటికీ రాలేదు. అమ్మ వారం రోజులు నాయనతో మాట్లాడలేదు. నాకూ ఒళ్లు మండింది. అయితే నన్ను కదిలించింది ఆ సంబంధం కాదు. అంతకుముందు ఒక ఏడు నాయనతో కొండెక్కేటప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర ఆయన కూలబడి, మోకాలు నొక్కుకుంటూ, నేను వినడం లేదనుకుని స్వామికి సంజాయిషీ చెప్పుకోవడం విన్నాను. "మాట తప్పేవాణ్ణి కాదు సామీ. బిడ్డ సామీ" అంటున్నాడు. అలాంటి మనిషి ప్రతి ఏడూ దోషిలా ఆ మెట్లెక్కడం నేనింక చూడలేకపోయాను.

"శనివారం కొండకు పోదాం నాయనా" అన్నాను.

"నీకిష్టం లేకుంటే వద్దు పాపా."

"నా ఇష్టం అడిగి మొక్కినావా?"

నాయన బూట్లు ముందేసుకుని పాలిష్ పెట్టడం మొదలెట్టాడు. శనివారం ముగ్గురం వెళ్లాం.

"మూడు కత్తెర్లా, పూర్తిగానా?" అన్నాడు మంగలి. పూర్తిగా అన్నాను. నాయన పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాడు. జడ ఒళ్లో పడ్డప్పుడు నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. తర్వాత నాయన అలవాటుగా మంగలి ముందు కూర్చోబోతే చెయ్యి పట్టి లేపాను. "మీసం ఉంచుకో నాయనా. చెల్లిపోయింది" అన్నాను. నాకేమీ అన్యాయం జరగలేదు లెండి. జుట్టు భుజాలు దాటకముందే వేరే సంబంధం కుదిరింది.

గుండుకు గంధం పూసుకుని వరసలో నిలబడ్డాం. లోపల ఇరుకులో అమ్మ ముందుకు పోయింది. నేను, నాయన పక్కపక్కనే గడప ముందుకు చేరాం. ఇన్నేళ్లూ గడువు అడిగిన మనిషి ఈ రోజు తలెత్తుకుని స్వామిని చూసుకుంటాడనుకుని నేను చేతులు జోడించాను. పక్కన మడమలు కలిసిన చప్పుడైంది. తిరిగి చూస్తే నాయన చెయ్యి నుదుటి దగ్గర ఉంది. మొహం నా వైపు ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"సామి ఆపక్కుండాడు పెద్దాయనా, ఆపక్క!" అన్నాడు తోసే మనిషి. నాయన తిరగలేదు. ఆలోగా వెనక జనం మమ్మల్ని బయటికి నెట్టేశారు.

బయట అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది. "ఇప్పుడన్నా సామిని కండ్లనిండా సూసుకున్నావా?"

"సూసినా" అన్నాడు నాయన.