పేరు చెప్పని ఆకు

మొన్న వాన వెలిశాక, మన్సూరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లారు పలకల సందున నేల ఉసిరి రెమ్మ కనబడింది. ఆకు తుంచి నమిలాను. చేదు నాలుక దిగి గొంతులో కూర్చుంది, దానితోపాటు యాదమ్మవ్వ కూడా.

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ వెనక మేం కిరాయికున్న కాలనీ, అంతకుముందు అవ్వ వాళ్ల జొన్నచేను. చేను ప్లాట్లయింది. సగం ప్లాట్లు ఇంకా ఖాళీ. ఆ ఖాళీల్లోంచి ఏదో మొక్క తెచ్చి, నూరి, మజ్జిగలో కలిపి, కళ్లు పచ్చబడే పసిరికల జబ్బుకు మందిచ్చేది. మొక్క పేరు మాత్రం చెప్పేది కాదు. చెబితే గుణం పోతుందట. నేనప్పుడు కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. పేరు పెట్టి పిలిస్తే ఆవిరైపోయే పదార్థం నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

నాకే పసిరికలైనప్పుడు అమ్మ నన్ను అవ్వ గడపకు తీసుకెళ్లింది. అవ్వ నా కంటిరెప్ప లాగి వెలుతురుకు తిప్పింది.

"నిద్ర ఎట్ల పోతున్నడు? మాటలు గిట్ల తప్పుతున్నడా?" అని అమ్మనడిగింది.

"మాటలు మొదటిసంది ఎక్కువనే," అంది అమ్మ.

నాకు మందు దొరికింది. నా వెనకే వచ్చిన చూలాలిని మాత్రం, "నా తాన మందు లేదు బిడ్డా, ఇప్పుడే దవాఖానకు పో," అని పంపేసింది. గిన్నెలో మందుండటం నేను చూశాను. పిసినారి అనుకున్నాను.

బాగయ్యాక, అవ్వ ఏ ప్లాటులో వంగుతుందో కనిపెట్టాను. రెమ్మ తిప్పితే ఆకుల కింద వరసగా ఆవగింజలంత కాయలు. కాలేజీలో వృక్షశాస్త్రం మాస్టారు పేరు చెప్పారు, నేల ఉసిరి. లాటిన్ పేరులో రెండో మాటకు అర్థమే చేదట. అందులో ఫిలాంథిన్ అనే పదార్థం ఉంటుందని, కాలేయానికి మేలంటారని చదివి, పేరూ బొమ్మా మోతాదూ కాలనీ సంఘం బోర్డు మీద రాశాను. కింద నా డిగ్రీ కూడా రాశాను, ఇంకా రాని డిగ్రీ.

జనం మెచ్చుకున్నారు. అవ్వ గడప ఖాళీ అయింది.

పక్కవాటాలో ఉండే గుంటూరు సుబ్బారావు గారు ఒకరోజు వచ్చారు. "మాస్టారూ, మా ఆవిడకి కళ్లు పచ్చబడ్డాయండీ. ఏడో నెల. మీ బోర్డు మందు వాడొచ్చా?"

"ఆకే కదండీ, ఏం చేస్తుంది?" అన్నాను. నేనే కోసిచ్చాను.

ఆకు ఏమీ చెయ్యలేదు. ఐదోరోజుకు ఆమెకు మత్తు కమ్మి మాట తడబడింది. దవాఖానకు చేర్చేసరికి ఆలస్యమైంది. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. "మీరు మంచికే చెప్పారు లెండి," అన్నారు సుబ్బారావు గారు. తిట్టి ఉంటే బాగుండేది.

అవ్వ దగ్గరకు పోయాను. బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తలేదు.

"ఆకు ఎవ్వలకన్న దొరుకుతది పంతులూ. పేరు ఎందుకు దాసిన అనుకున్నవ్? మనిషి నా గడప కాడికి రావాలె. కండ్లు సూడాలె. మందు ఎవ్వలకు ఇయ్యొద్దో సూసుడే నా పని."

"మరి పేరు చెప్తే గుణం పోతదంటివి?"

"పోలేదా?"

ఆ ప్లాట్లలో ఇళ్లు లేచాయి. అవ్వ మళ్లీ ఎవరికీ మందియ్యలేదు. నేను మాత్రం పంతులునై, ఉద్యోగమంతా బోర్డు మీద రాస్తూనే బతికాను.

ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి పసిరికలకు ఆకు పేరడుగుతారు. చెప్పను. మనిషిని తీసుకురమ్మంటాను. వస్తే కంటిరెప్ప లాగి వెలుతురుకు తిప్పుతాను. అక్కడ ఏం చూడాలో అవ్వ చెప్పలేదు, నేను అడగనూ లేదు. చూసినట్టే చూసి, నా దగ్గర మందు లేదు, ఇప్పుడే దవాఖానకు పొండి, అంటాను.