ఎత్తిన కాలు

మా చెల్లెలి మనవరాలు సెలవులకు మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం బొమ్మల పుస్తకం ఒకటి ముందేసుకుని, సగంలోనే మూసి పక్కకు నెట్టింది. ఏమైందని అడిగితే, "ఈయన్ని ఎవ్వరు ఓడగొట్టలేరు అమ్మమ్మా. ఇగ స్టోరీ ఏముంటది, బోర్" అంది. అట్ట మీద వీరుడు ఒంటి చేత్తో కొండను మోస్తున్నాడు. ఆ మాటకు నాకు మా పెద్దబాపు గుర్తొచ్చాడు, ఆయన వెనకాలే ఆయన దున్నపోతు కూడా.

పెద్దబాపు అంటే మా నాయనకు అన్న. హైదరాబాద్ గౌలిపురలో మాది పాల ఇల్లు. ముందు గదుల్లో మేము, వెనక కొట్టంలో బర్రెలు, మధ్యలో ఒక గోనెపట్టా పరదా. వాసనలో మాత్రం ఇరువర్గాలకూ తేడా లేదని మా అమ్మ అనేది. పెద్దబాపుకు అక్షరాలు ఆనేవి కావు, కళ్లజోడు పెట్టుకుంటే పరువు పోతుందని మొండికేసేవాడు. అందుకని పాలు పిండడం అయ్యాక నేను కుడితి తొట్టి అంచు మీద కూర్చుని ఇలాంటి పుస్తకాలే ఆయనకు చదివి వినిపించేదాన్ని. వీరుడు రైళ్లు ఆపినా, వంతెనలు ఎత్తినా ఊ కొట్టి ఊరుకునేవాడు. ఆయన అనుమానాలు వేరు.

"గంత బలమున్నోడు ఇంట్ల చాయ్ గిలాస ఎట్ల పట్టుకుంటడు బిడ్డా? పలగదా?"

"పుస్తకంల లేదు పెద్దబాపూ."

"మరి అసలుది ఇడిసిపెట్టి ఏం రాసిండు?" అని రాసినవాడి మీద విసుక్కునేవాడు. వీరుడు ఏ పసిపిల్లనో ఎత్తుకున్న బొమ్మ వస్తే మాత్రం పేజీ తిప్పనిచ్చేవాడు కాదు. ఆ వేళ్లు ఎక్కడ ఆనాయో వంగి వంగి చూసేవాడు. నాకు విసుగొచ్చేది, నాకు కొట్లాటలు కావాలి.

దీపావళి తర్వాత వచ్చే సదర్ పండుగకు మా దున్నపోతును ముస్తాబు చేసేవాళ్లు. ఒళ్లంతా నూనె, మెడలో గవ్వల పట్టీ, కొమ్ములకు నెమలీకలు. దాన్ని ఎవరితోనూ కొట్లాడించరు. డప్పులతో గల్లీల్లో నడిపిస్తారు, అంతే. అంత బలం ఒక్క తాడుకు లోబడి తమ గడప ముందు నుంచి పోతుంటే చూడ్డానికే జనం వచ్చేవాళ్లు. ఒక యేడు గల్లీ మలుపులో ఎవరో పటాకుల దండ అంటించారు. జనం ఒక్కసారిగా వెనక్కి తోసుకున్నారు. అమ్మ కొంగు పట్టుకున్న చెల్లె జారి దున్నపోతు ముందు పడింది. అప్పటికే అది బెదిరి ముందు కాలు ఎత్తింది.

తాడు గుంజమని అందరూ అరిచారు. పెద్దబాపు గుంజలేదు. తాడు వదులు చేసి, దాని మెడ మీద అరచెయ్యి ఆనించి, "ఆగు కొడుకా, ఆగు" అన్నాడు, కొట్టంలో మాట్లాడినంత మెల్లగా. దాని ఒళ్లంతా వణుకుతోంది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. అమ్మ వంగి చెల్లెను ఇవతలికి లాక్కున్నాక గానీ అది కాలు కింద పెట్టలేదు.

ఇంటికొచ్చాక పెద్దబాపు చేతిలో చాయ్ గ్లాసు నిలవలేదు. జారి పడి పగిలింది. పెద్దమ్మ ఇంకో గ్లాసు తెచ్చి, తనే పట్టుకుని తాగించింది. "గుంజుదామనే చెయ్యి లేసింది బిడ్డా" అన్నాడు నాతో. "గుంజితే బెదిరి కాలు పెడుతుండె. ఆపుకున్న."

ఆ తర్వాత నేనే కొట్లాటల పేజీలు గబగబా తిప్పేయడం మొదలుపెట్టాను. ఓటమి లేనివాడి కథలో కూడా భయం ఉంటుందని నాకప్పుడు తెలిసింది. తలుపు తీసిన ప్రతిసారీ, ఎవరి చెయ్యి పట్టుకున్నా, వాడు తనను తాను ఆపుకోవాలి. అందుకే వాడంటే నాకు ఇప్పటికీ ప్రేమ, కొంచెం జాలి.

పెద్దబాపు లేడు, ఆ కొట్టమూ లేదు. ఇదంతా విన్న పిల్ల మళ్లీ పుస్తకం అందుకుని, ఆ వీరుడు చాయ్ ఎలా తాగుతాడో వెతుకుతోంది. దున్నపోతు కాలు ఎత్తి నిలబడింది కాసేపే. మా చెల్లె బతికిన ఇన్నేళ్లూ, ఈ పిల్ల బతకబోయే ఏళ్లూ అన్నీ ఆ కాసేపట్లోనే ఇమిడి ఉన్నాయి.