అత్తమ్మ వాచీకి నేను కట్టిన వయసు

నోరు మూసుకుని కూర్చుంటే ఆ వాచీ ఇవాళ నా చేతికే ఉండేది. తెరిచాను. ముందు వాచీ మూత, తర్వాత నా నోరు. ఆ రెండూ మళ్లీ మూసుకునేలోపు తాండూరులో మా అత్తగారిల్లు ఎలా తలకిందులైందో చెబుతాను, నవ్వుకోండి.

అప్పటికి నా పెళ్లయి ఏడాది కూడా కాలేదు. వికారాబాద్‌లో మా ఇంట్లో కూర్చుని, పాతకాలపు లేడీస్ వాచీల వయసు కనిపెట్టడం ఎలాగో ఫోన్లో వీడియోలు చూసేదాన్ని. నాలుగు చూసేసరికి పండితురాలినయ్యానని నమ్మకం కుదిరింది. డయల్ చిన్నదైతే పాతది, మూత లోపల అంకె ఉంటే అదే పుట్టిన సంవత్సరం. ఇంతే నా శాస్త్రం.

ఒకరోజు తాండూరు వెళ్తే అత్తమ్మ బీరువాలోంచి చింతగింజంత వాచీ తీసింది. బంగారు రంగు గొలుసు, చూడగానే మనసు పారేసుకున్నాను.

"నాకు ముల్లు కనబడ్తలేదు బిడ్డ. నువ్వు పెట్టుకో," అంది.

బుద్ధున్న కోడలైతే చెయ్యి చాపుతుంది. నేను చాకు అడిగాను.

మూత ఊడదీస్తే లోపలివైపు చుక్కలు చుక్కలుగా 21 అని ఉంది. వాచీ లోపల గుండ్రంగా ఏదో బిళ్ల మెరుస్తోంది. విదేశీ రాజముద్ర కాబోలనుకున్నాను.

"అత్తమ్మా, ఇది 1921 నాటిది. నూరేళ్లు దాటింది."

"నూరేండ్లా? నా పెండ్లికి మా అన్న కొన్నడు గద."

"పాతది కొని ఉంటారు. ఇలాంటివి రాణులు పెట్టుకునేవాళ్లు."

అత్తమ్మ మూత నొక్కి, వాచీని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకుంది.

బంట్వారంలో ఉండే మా వదినెకు, అంటే మావారి అక్కకు, ఈ కబురు ఎవరు మోశారో గానీ మధ్యాహ్నానికల్లా బస్సు దిగింది.

"పెద్దబిడ్డను నేనుండంగ, రాణి వాచి కోడలికిస్తవానే?"

"ఎవ్వలకిస్తలేను. నేనే పెట్టుకుంట."

"నీకు ముల్లే కనబడదాయె."

"కనబడకుంటే ఏంది? నా వాచి."

తల్లీబిడ్డలు చెరో గోడవైపు తిరిగి కూర్చున్నారు. అన్నం గిన్నె మూత తీసే దిక్కు లేదు. నాకు ఏడుపూ ఆకలీ ఒకేసారి వచ్చాయి. అయినా ఊరుకున్నానా? "మ్యూజియం వాళ్లు అడిగినా ఇవ్వకండి," అని ఆజ్యం పోశాను.

సాయంత్రం మామయ్య నాపరాయి పాలిష్ యూనిట్ నుంచి ఒళ్లంతా పొడితో వచ్చారు. సంగతి విని, అత్తమ్మ కొంగు ముడి విప్పించి వాచీ మూత తీసి చూశారు. నవ్వీ నవ్వీ ఆయన మీసాల మీది పొడంతా రాలిపోయింది.

"గీ బిళ్ల బ్యాటరీ సెల్లు బిడ్డ. పోయిన నెల నేనే ఏపిచ్చిన."

"మరి 21?"

"దావత్‌లకిచ్చిన గిలాసలు తిరిగొస్తలేవని, గిన్నెల మీద పేర్లు కొట్టేటాయన వస్తే ఇరవై గిలాసలకు నంబర్లు కొట్టిపిచ్చిన. మీ అత్తమ్మ 'మా అక్కది గూడ గిసొంటి వాచే, మారిపోతది' అని చేతిది తీసిచ్చె, మూత లోపల కొట్టిపిచ్చిన. గిలాసల తర్వాతి నంబరు గదే."

"అవు గద, యాదికే లేదు," అంది అత్తమ్మ. ఈసారి కొంగున ముడేసుకోకుండా, మామయ్య చేతిలోని వాచీ అందుకుని వదినె చేతికి పెట్టింది. "ఈమె టైం సూస్కుంటది, సాలు."

తర్వాత వంటింట్లోకి వెళ్లి, గలగలమనే సంచొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీకు నంబర్లంటే పాణం గద బిడ్డ. గిలాసలు తీస్కపో."

వాటిలో ఒకటో నంబరు గిలాసలో చాయ్ తాగుతూ ఇది రాస్తున్నాను. నా శాస్త్రం ప్రకారం ఇది 1901 నాటి స్టీలు. ఈ పురాతన గిలాస సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఎవరు వాచీ ఇచ్చినా, అందులో టైం తప్ప మరేమీ చూడను.