ఖాదర్ చేసిన బల్ల

కోరుట్లలో వెల్డింగ్ షాపు నడిపే అన్వర్‌కు అనుమానం పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఎవరన్నా ఆప్యాయంగా పలకరించారంటే చేబదులు అడగబోతున్నారని లెక్క. పాపం, మనిషి మంచివాడే. గేటు చేసినా, గ్రిల్లు చేసినా పది కాలాలు నిలుస్తుంది. మనుషుల్ని నమ్మడం ఒక్కటే చేతకాదు.

అతని షాపులో గుండ్రని చిన్న ఇనుప బల్ల ఒకటి ఉంది. తండ్రి ఖాదర్ అరవై ఏళ్ల కింద సిరిసిల్ల మరమగ్గాల దగ్గర ఫిట్టరుగా ఉన్నప్పుడు చేసింది. నూలు చుట్టే బీము కొసన ఉండే పాత ఇనుప చక్రమే దాని పైభాగం. ఒకే సలాకను అతుకు లేకుండా వంచి మూడు కాళ్లు తీశాడు. కుర్చీ పక్కన వేసుకుంటే చాయ్ గ్లాసు సరిగ్గా చేతికందుతుంది. అటువంటివి చేసి తెలిసినవాళ్ల పెళ్లిళ్లకు కానుకగా ఇచ్చేవాడట. ఒక్కదాని మీదా పేరు కొట్టుకోలేదు.

ఒకరోజు ఎండవేళ జగిత్యాల నుంచి లత అనే లెక్చరర్ స్కూటీ మీద వచ్చింది. బల్లను చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"అన్నా, గిసొంటియే కథలాపూర్‌ల ఒకటి, ఎల్లారెడ్డిపేటల ఒకటి దొరికినయి. రేపటి సంది జగిత్యాలల పాత సామాన్ల ఎగ్జిబిషన్ పెడుతున్నం. ఇంత సక్కగ ఎవలు చేసిండ్రో ఎవ్వలకు తెల్వదు. మీకెరుకేనా?"

అన్వర్‌కు వెంటనే అనుమానం వచ్చింది. బియ్యపు గింజలను లాగే పాత లోహం కోట్లు పలుకుతుందని నమ్మించి కొంపలు ముంచే రైస్ పుల్లింగ్ ముఠాల సంగతి అతను విని ఉన్నాడు. లేకపోతే పాత ఇనుము కోసం చదువుకున్న ఆడమనిషి ఇంత ఎండలో ఎందుకొస్తుంది?

"ఎంతిస్తరు?" అన్నాడు.

"అమ్ముమంటలేనన్నా. మీ తాన్నే ఉండనియ్యుండ్రి. చేసినాయన పేరు చెప్తే సాలు."

పైసలు వద్దనేవాళ్లే పెద్ద దొంగలని అన్వర్ సిద్ధాంతం. "స్క్రాప్‌ల కొన్న. ఎవడు చేసిండో నాకేం ఎరుక?" అనేశాడు.

ఆమె బండి మలుపు తిరిగిందో లేదో, పక్క కిరాణా కొట్టు నుంచి గుప్పెడు బియ్యం తెచ్చి బల్ల మీద చల్లాడు. ఒక్క గింజా కదల్లేదు. కదలనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

అన్నం తింటూ తల్లి అజీజాబీతో గొప్పగా చెప్పుకున్నాడు, పెద్ద గండం తప్పించానని. ముసలామె పళ్లెం పక్కకు నెట్టింది.

"మీ అబ్బా పోయి ఇన్నేండ్లాయె. ఆయన పేరేందని అడుగుకుంట ఒక్క మనిషన్న అచ్చిండ్రా? రాక రాక ఇయ్యాల ఒకామె అస్తే, ఎవడో అంటివి. కన్నతండ్రిని ఎవడో అంటివి గదరా!"

యాభై ఏళ్లు దాటిన అన్వర్ చిన్నపిల్లవాడిలా సిగ్గుతో తల దించుకున్నాడు.

తెల్లారి జగిత్యాల బస్సెక్కాడు. హాల్లో రెండు బల్లలు వరుసగా ఉన్నాయి. చేసిందెవరో తెలియదని కింద అట్ట పెట్టారు. జనం వంగి మరీ ఆ కాళ్ల వంపులు చూస్తుంటే అతనికి కడుపు నిండినట్టయింది. లతను వెతికి పట్టుకున్నాడు.

"మేడం, ఇవి మా అబ్బా చేసినయి. ఖాదర్ ఆయన పేరు. సిరిసిల్లల ఫిట్టర్."

లత అతన్ని ఎగాదిగా చూసింది. "స్క్రాప్‌ల కొన్ననంటిరి గదన్నా?"

"భయమై అబద్ధం చెప్పిన."

"పొద్దుగాల పేపర్ల ఫొటో పడ్డది. గప్పటి సంది మా తాత చేసిండని ఒకలు, మా మామ చేసిండని ఇంకొకలు. మీరు మూడో మనిషి. ఏమన్న ఆధారమున్నదా?"

"మా అమ్మీ ఉన్నది. అడుగుండ్రి."

"వాళ్ల ఇండ్లల్ల గూడ అమ్మలున్నరన్నా. ఎవల పేరని పెట్టాలె?"

ఆమెను తప్పుపట్టడానికి లేదు. అడిగినప్పుడు చెప్పి ఉంటే ఈపాటికి ఆ అట్ట మీద ఖాదర్ పేరుండేది. నిజం చెబుతూ దొంగలా నిలబడటం ఎంత నరకమో అన్వర్‌కు అక్కడ తెలిసొచ్చింది.

ఇంటికొచ్చేసరికి అజీజాబీ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"చెప్పినవా బేటా?"

"చెప్పిన అమ్మీ."

"పేరు పెట్టిండ్రా?"

ఆమె కళ్లలోకి చూడలేక అన్వర్ చెప్పులు విడుస్తూ, "పెట్టిండ్రు" అన్నాడు.

కొడుకు మాట చాలు ఆమెకు. కొంగుతో కళ్లు తుడుచుకుని, పక్కింటివాళ్లకు చెప్పొస్తానని లేచింది. అన్వర్ ఆపలేకపోయాడు.