జనరల్ గారి పన్నెండు రిబ్బన్లు

2006 వేసవి. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో, ప్రసాదు డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో నా కుట్టుమిషను ఉండేది. మా ఆయన పోయిన ఏడాది తిరక్కుండానే అక్కడ పనికి కూర్చున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి ఇది రాస్తోంది. టేపు మీద అంకెలు తెలుసు, నా పనికి అవి చాలు. నేను కుట్టిన కోటుకి ఎవరూ వంక పెట్టలేదు, ఈ ఒక్కసారి తప్ప.

ఆ కోటు ఒక జనరల్ గారిది. విమానదళంలో పైలట్‌గా చేరి జనరల్ దాకా ఎదిగిన నల్లజాతి మనిషి. డెబ్బై దాటినా నిటారుగా నడిచేవారు. ఆయన మనవరాలు కూడా పైలట్ అయింది. మర్నాడు పొద్దున సభలో ఆ పిల్ల ఛాతీ మీద రెక్కల బ్యాడ్జి పెట్టాల్సింది ఈయనే. అందుకు కోటు తీసుకుని ఆ సాయంత్రమే ఫ్లైట్ ఎక్కాలి. ఇరవై ఏళ్లుగా కిటికీ పక్కన వేలాడుతున్న యూనిఫామ్ ఆయనకి వదులైపోయింది. టేక్ ఇన్ చేయమన్నారు, అంటే కుట్టు విప్పి, బట్ట లోపలికి పట్టి బిగించడం.

ఆ పని బాగానే చేశాను. తప్పు చేసింది రిబ్బన్ల దగ్గర. ఎడమ ఛాతీ మీద, పతకాలకి గుర్తుగా, వరుసకి మూడు చొప్పున పన్నెండు రంగు పట్టీలు, సన్నటి లోహపు చట్రానికి ఎక్కించి ఉన్నాయి. దుమ్ము పట్టాయని ఒక్కొక్కటీ తీసి దులిపాను. తిరిగి పెట్టేటప్పుడు, ముదురు రంగులు చివర్లకీ లేతవి మధ్యకీ వచ్చేలా చక్కగా సర్దాను.

మూడింటికి జనరల్ గారొచ్చి కోటు చూసి ఆగిపోయారు. ప్రసాదు మొహం పాలిపోయింది.

“అక్కా! అవి ముట్టుకున్నావా? చీర అంచనుకున్నావా ఏంటి?”

“రంగులు కలిపాను. బాగోలేదా?”

“బాగుండటం కాదక్కా! దేనికి ఏ చోటో రూలు ఉంటుంది. అక్కడంతా ఆఫీసర్లే. ఈయన పరువు పోతుంది!”

జనరల్ గారు నవ్వారు. “అందంగానే ఉంది మేడమ్. కానీ ఇలా వెళితే నా మనవరాలు నన్ను గేటు దగ్గరే ఆపేస్తుంది.” ప్రసాదు తెలుగులో చెప్పాడు.

ఆయన వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, పట్టీ ఎక్కించలేరు. విప్పింది నేనే కదా, నేనే పెడతానన్నాను. “వరుస చెప్పమను, చాలు.”

ఆయన కింద నుంచి మొదలుపెట్టారు. మొదటిది కొత్తగా చేరినప్పటిదట. శిక్షణలో నల్లవాడు తనొక్కడే. భోజనాల గదిలో ఆయన బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చునేవారు కాదట. తర్వాతది యుద్ధంలో ఎగిరినందుకు. ఆ పైది, ఇంజను మండుతున్నా విమానాన్ని దించినందుకు. ఇంకొకటి, తెల్లవాళ్లు నిండిన స్థావరానికి మొదటి నల్ల అధికారి అయినప్పటిది. ఒక్కో మాటకి ఒక్కో పట్టీ ఎక్కిస్తూ పోయాను.

చివరికి పై వరుసలో రెండు చోట్లే మిగిలాయి. నా చేతిలో ఒక నీలం, ఒక ఆకుపచ్చ. ఏది ఏ చోటో ఆయనకి గుర్తురాలేదు.

“ఏది ముందు? రోజూ అద్దంలో చూసుకున్నవే...” నుదురు రుద్దుకున్నారు. “రేపు ఆ పిల్ల ముందు తప్పుగా నిలబడలేను.”

ప్రసాదు కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు. నేను రెండు పట్టీలూ దీపం కింద పెట్టి చూశాను. నీలం అంతటా ఒకేలా వెలిసింది. ఆకుపచ్చకి ఒక చివర మాత్రం కొత్త బట్టలా ముదురుగా ఉంది. ల్యాపెల్, అంటే మెడ నుంచి ఛాతీ మీదికి మడిచిన కోటు అంచు, ఇన్నేళ్లూ ఆ చివర మీద నీడలా పడి ఉంది. ఎండ తగల్లేదు, అంటే ల్యాపెల్ పక్కన మొదటి చోటు దీనిదే.

“గ్రీన్ ఫస్ట్, సర్,” అన్నాను. ల్యాపెల్ ఎత్తి, దాని కింద ఆ ముదురు చివర పెట్టి చూపించాను.

ఆయన వంగి చూశారు. “యెస్,” అన్నారు మెల్లిగా. “యెస్, మేడమ్.”

కోటు తొడిగి, భుజాలు సర్ది, గుండీ పెట్టాను. అప్పుడొచ్చాడు ప్రసాదు, రొప్పుతూ, చేతిలో ప్రింటు కాగితంతో. “అక్కా! ఆకుపచ్చే ముందు!”

“పెట్టేశానులే,” అన్నాను.

కుట్టిన బట్ట ఎవరి ఒంటి మీద ఎంతకాలం ఉందో అదే చెబుతుంది, చూసే ఓపిక మనకుండాలి. ఇప్పుడు ఏ బట్ట వచ్చినా, కత్తెర పట్టేముందు మనిషిని కూర్చోబెట్టి అడుగుతాను: ఇది ఎప్పటిది, ఎందుకు వేసుకున్నారు అని. ఆ పన్నెండూ కింద నుంచి పైకి ఈరోజుకీ తప్పులేకుండా చెప్పగలను. మొదటిది, ఒక్కడే కూర్చుని తిన్న బల్ల.